బల్లి తోక మీద విచారణ

పందిరి గుడ్డ మీంచి బల్లి జారినప్పుడు రైలు సొరంగంలోంచి బయటికి వస్తోంది.

డ్రైవరు కూర్మనాథం చూశాడు. బల్లి ఇంకా గాలిలో ఉండగానే చూశాడు. బొటనవేలు మీట మీదే ఉంది. కాస్త వెనక్కి తిప్పితే రైలు ఆగుతుంది. కానీ ఆ మీట కోసం పదేళ్ళ పైచిలుకు ఎదురుచూసిన వేలు, అది చేతికొచ్చిన పావుగంటకే వెనక్కి తిరగమంటే తిరుగుతుందా? తిరగలేదు.

బల్లి పట్టాల మీద పడింది. ఇంజను దాన్ని గుద్దింది. రెండు పెట్టెలు పట్టాలు తప్పి, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగేసి పరిచిన వరిచేలోకి ఒరిగాయి. బల్లి తన తోక అక్కడే వదిలేసి ప్లాస్టరు కొండలోకి పారిపోయింది. తోక పట్టాల మధ్య మెలికలు తిరుగుతూ ఉండిపోయింది.

ఆ క్షణంలో నెల్లిమెట్ట ఎగ్జిబిషన్ గ్రౌండంతా నిశ్శబ్దమైపోయిందని కూర్మనాథం తర్వాత వాంగ్మూలంలో చెప్పాడు. అది అబద్ధం. పక్కన మృత్యుకూపంలో మోటారు సైకిళ్ళు చెవులు చిల్లులు పడేలా తిరుగుతూనే ఉన్నాయి. ఎదురు స్టాల్లో నవ్వుల క్లబ్బు వాళ్ళు చేతులు పైకెత్తి, తమ టైంటేబుల్ ప్రకారం, హహ్హహ్హ అంటూనే ఉన్నారు.

నెల్లిమెట్ట నమూనా రైల్వే సంఘంలో అసలు రైల్వేలో పనిచేసినవాడు ఒక్కడూ లేడు. ట్రెజరీలో చేసినవాళ్ళు, సహకార శాఖలో చేసినవాళ్ళు, బళ్ళో చేసినవాళ్ళు. సర్వీసంతా పైవాళ్ళ రూల్సుకి తలవంచి, రిటైరయ్యాక తమకంటూ సొంత రూల్సు ఉండాలని రైలు కొనుక్కున్నవాళ్ళు. సంఘంలో సభ్యులకంటే పదవులు ఎక్కువ. జనరల్ మేనేజరున్నాడు. స్టేషను మాస్టరున్నాడు. సిగ్నళ్ళకొకరు, గేట్లకొకరు ఉన్నారు. గ్యాంగ్‌మన్ పదవి మాత్రం మొదట్నించీ ఖాళీ. దానికెవరూ అర్జీ పెట్టుకోలేదు.

కూర్మనాథం ముఖ్య భద్రతాధికారి. ట్రెజరీలో ఉన్న కాలంలో, పక్కన పొట్టి సంతకం లేదని తన జీతం బిల్లునే తిప్పి పంపిన మనిషి. అలాంటివాడికి ఈ పదవి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు? ఇచ్చారు. ఇచ్చాక ఏమైందంటే, ఎవరికైనా రైలు నడిపే వంతు వచ్చింది గానీ ఆయనకి రాలేదు. "మీరు నడిపితే తనిఖీ ఎవరు చేస్తారు సార్?" అనేవారు. ఆ మాటకి కూర్మనాథం పొంగిపోయేవాడు. ఇంటికెళ్ళాక కుంగిపోయేవాడు.

ఆయన భార్య పైడమ్మ ఎగ్జిబిషను వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న అడిగేది. "ఈసారైనా మీ చేతికిస్తారేటండీ?"

ఈసారి ఇచ్చారు. అసలు డ్రైవరు ముందురోజు ఒక్కడే విస్తరంత ఢిల్లీ అప్పడం పూర్తిచేసి మంచం పట్టాడు. జనరల్ మేనేజరు జగన్నాయకులు గారు అప్పటికప్పుడు ఉత్తర్వు ప్రకటించారు. "తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతం కూర్మనాథం గారే డ్రైవరు విధులను అదనపు బాధ్యతగా నిర్వర్తించవలెను." కూర్మనాథం వెంటనే ఇంటికి ఫోను చేశాడు. "పైడమ్మా, సాయంత్రం వచ్చీ. నా చేత్తో నడుపుతున్నాను."

ఆ సాయంత్రమే వస్తున్నది మరొకరు కూడా. మునిసిపల్ స్పెషల్ ఆఫీసరు హైమవతి గారు. ఇన్నాళ్ళూ సంఘం రైలు ఉంటున్నది జగన్నాయకులు గారి ఇంటి షెడ్డులో. ఈమధ్య ఆయన అల్లుడు కారు కొన్నాడు. షెడ్డు ఖాళీ చెయ్యాలి. మార్కెట్టు మేడ మీద, ఒకప్పుడు సుంకాలు వసూలు చేసిన పాత ఆక్ట్రాయి ఆఫీసు గది ఖాళీగా ఉంది. దానికోసం సంఘం అర్జీ పెట్టింది. నవ్వుల క్లబ్బు కూడా పెట్టింది. రెండు స్టాళ్ళూ చూసి, ఎవరికివ్వాలో ఆవిడ ఇవాళే తేలుస్తారు. రైలు కదిలితే గది. కదలకపోతే రైలుని పాత పేపర్ల కొట్టుకి వెయ్యడమే.

అందుకే స్టేషను మాస్టరు సన్యాసిరావు ఆలస్యం చెయ్యలేదు. ఆయన రిటైరైన డ్రాయింగు మేస్టరు. కొండలు, చేలు, ఆకాశం అన్నీ ఆయన చేతివే. చేలో పడ్డ పెట్టెల్ని ఎత్తడానికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి!" అని అరిచాడు కూర్మనాథం.

ఎందుకరిచాడో ఆయనకే తెలీదు. నోరు దానంతటదే అరిచింది.

"ఏం?"

"నియమావళి. ప్రమాద స్థలమందు విచారణ ముగియు పర్యంతం గడ్డిపోచనైనను కదపరాదు."

"ఎవడు రాశాడండీ ఆ రూలు?"

ఆ రూలు కూర్మనాథమే రాశాడు. ఒక వానాకాలం పనేమీ లేక నియమావళంతా ఆయనే రాశాడు. అందరూ చదవకుండా చప్పట్లు కొట్టి ఆమోదించారు.

జగన్నాయకులు గారు కళ్ళజోడు సర్దుకుని బల్ల మీదికి వంగారు. సహకార సంఘాల ఆడిటరుగా అందరినీ ముప్పుతిప్పలు పెట్టి రిటైరైన మనిషి. "ముందుగా ప్రాణహాని సంభవించినదా లేదా అన్నది నిర్ధారణ కావలెను. దానిని బట్టి ప్రమాద శ్రేణి."

"తోక ఆడుతోంది సార్," అన్నాడు సన్యాసిరావు.

"అనగా ప్రాణమున్నట్లే. మిగతా బల్లి?"

"కొండలోకి దూరింది."

"అయితే క్షతగాత్రుడు పాక్షికముగా పరారీ. తోక కదలిక ఆగువరకు శ్రేణి నిర్ణయించరాదు."

అందరూ తోక కేసి చూస్తూ నిలబడ్డారు. తాళ్ళ అవతల జనం కూడా చూస్తూ నిలబడ్డారు. తోక కాసేపు ఆగుతుంది. అమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ తిరుగుతుంది.

"బల్లిపాటుకి పంచాంగంలో ఫలితాలుంటాయి కదా," అంది జనంలో ఒకావిడ. "రైలు పట్టాల మీద పడితే ఏటంట?"

"తల ఉంది, భుజం ఉంది, మోకాలుంది. పట్టాలు లేవమ్మా," అన్నాడు సన్యాసిరావు. "శాస్త్రం రాసిన్నాటికి రైలే లేదు."

చివరికి తోక ఆగింది. పోయింది తోకే గనక స్వల్ప ప్రమాదమని తేల్చారు. ఇక విచారణ. మేడమ్ వచ్చేలోపు ముగిస్తే రైలు లేస్తుంది. "ఎవరో ఒకరు కూచుని రెండు ముక్కలు రాసి పారెయ్యండయ్యా," అన్నారు ఎవరో.

"ఎవరో ఒకరు కుదరదు," అన్నాడు కూర్మనాథం నీరసంగా. "భద్రతాధికారి తప్ప అన్యులు విచారణ జరపరాదు."

"భద్రతాధికారి మీరే కదా?"

"నేనే."

"ముద్దాయి?"

"డ్రైవరు."

"డ్రైవరు?"

"అదీ నేనే."

జగన్నాయకులు గారు ఒక నిమిషం ఆలోచించారు. "నియమావళిలో నిషేధమున్నదా?"

లేదు. ఇంత తెలివితక్కువ పరిస్థితి వస్తుందని నియమావళి రాసిన మహానుభావుడు ఊహించలేదు.

రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. భద్రతాధికారి కుర్చీలో కూచున్నప్పుడు కూర్మనాథం నెత్తిన సంఘం టోపీ ఉంటుంది. లేచి, టోపీ కుర్చీలో పెట్టి, ఎదురు కుర్చీలో కూచుంటే డ్రైవరు. అలా అయితే ఎవరు మాట్లాడుతున్నారో రికార్డు రాసే సన్యాసిరావుకి తికమక ఉండదు.

టోపీ పెట్టుకుని ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీ పేరు?"

లేచాడు. టోపీ తీశాడు. కూచున్నాడు. "కూర్మనాథమండి."

లేచాడు. టోపీ పెట్టాడు. కూచున్నాడు. "ఇదివరకు రైలు నడిపిన అనుభవం?"

"ఇవ్వలేదండి. అడుగుతూనే ఉన్నాను."

"అడిగిందానికి జవాబు చెప్పండి. అనుభవం ఉందా లేదా?"

"లేదండి."

"అనుభవం లేని మనిషికి మీట ఎలా ఇచ్చారు?"

"భద్రతాధికారి తనిఖీ చేసి, అర్హుడే అన్నారండి."

భద్రతాధికారి కుర్చీలో కూర్మనాథానికి ఒళ్ళు మండింది. మర్యాదగా అడుగుతుంటే తన మీదికే తోస్తాడేమిటీ మనిషి? ఇలాంటి వాళ్ళని ట్రెజరీలో ఎంతమందిని చూడలేదు! గొంతు పెంచాడు. "మాటలు తిన్నగా రానీ! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

ఎదురు కుర్చీలోకి మారేసరికి డ్రైవరు కూర్మనాథానికి నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వయసులో పెద్దవాణ్ణి పట్టుకుని ఏకవచనమా? "మీరు గట్టిగా అరవకండి. నాకూ పెన్షనుంది."

తాళ్ళ అవతల జనం రెట్టింపయ్యారు. మృత్యుకూపంలో మోటారు సైకిళ్ళు ఆగాయి. చూసేవాళ్ళు లేక అవి నడిపే కుర్రాళ్ళు కూడా ఇక్కడికే వచ్చేశారు. "ఒరే, పెద్దాయన తనని తానే తిట్టుకుంటున్నాడ్రా! ఆ బజ్జీల పొట్లం ఇటు తే!"

"డ్రైవరుగారూ, తగ్గకండి!" అన్నాడింకొకడు.

ఎదురు స్టాల్లో నవ్వుల క్లబ్బు కార్యదర్శి ధర్మారావు తన జట్టునంతా ఇటు తిప్పి నిలబెట్టాడు. వాళ్ళకిప్పుడు నవ్వడానికి అభ్యాసం అక్కర్లేకుండా పోయింది.

"ఆఖరి ప్రశ్న," అన్నాడు టోపీలోంచి కూర్మనాథం. "బల్లి పడటం మీరు చూశారా?"

టోపీ తీసి ఎదర కూచున్నాడు. చూశానంటే ఇక జన్మలో మీట ముట్టుకోనివ్వరు. "చూడలేదండి," అన్నాడు చిన్నగా.

మళ్ళీ టోపీ. "అబద్ధం. చూశారు."

"చూడలేదని చెబుతున్నాను కదండీ."

"చూశారని నాకు తెలుసు!"

"మీకెలా తెలుసు? మీరు అక్కడ లేరు కదా!"

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. జగన్నాయకులు గారు చెయ్యెత్తి సభని ఆపారు.

"ఇక్కడొక చిక్కు వచ్చింది. విచారణాధికారికి సంఘటన స్వయముగా తెలిసినయెడల ఆయన సాక్షి అగును. సాక్షి అయినవాడు విచారణాధికారి కాజాలడు. కాబట్టి సాక్షిని వేరుచేసి, విడిగా పరీక్షించవలెను."

"అంటే?"

"మరొక కుర్చీ."

సంఘం దగ్గర మూడో కుర్చీ లేదు. సన్యాసిరావు నవ్వుల క్లబ్బుకి వెళ్ళి అడిగితే, ధర్మారావు కడుపు పట్టుకుని, మాట్లాడలేక, కుర్చీ కేసి చూపించి తీసుకెళ్ళమని సైగ చేశాడు.

కూర్మనాథం మూడో కుర్చీలో సాక్షిగా కూచుని, నిజం తప్ప మరేమీ చెప్పనని ప్రమాణం చేస్తున్నప్పుడు పైడమ్మ వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. తలలో కనకాంబరాలున్నాయి. జనాన్ని తోసుకుని తాడు దగ్గరకొచ్చి నిలబడింది.

"ఏటండీ, అందరూ ఇటు చూస్తన్నారు, మీరే నడుపుతున్నారనుకున్నాను. రైలేదీ?"

"విచారణలో ఉంది."

"ఎవరు ఆపేరు?"

"భద్రతాధికారి."

"అంటే మీరే కదేటి?"

"ఇప్పుడు కాదు. ఇప్పుడు సాక్షిని."

పైడమ్మ మూడు కుర్చీలూ చూసింది. టోపీ చూసింది. బల్లి తోక చూసింది. "ఆ పెట్టెలు అలా ఎత్తి ఇలా పెడితే అయిపోద్ది కదండీ. మీరు నడుపుతుంటే చూద్దామని వచ్చేను."

"రూలొప్పుకోదు, పైడమ్మా."

"రూలు రాసిందీ మీరే కదా?"

బయట జీపు ఆగింది. హైమవతి గారు వచ్చేశారు.

సంఘం అంతా గడగడలాడింది. "మేడమ్, ఒక్క నిమిషం, ఇప్పుడే నడిపిస్తాం," అంటూ జగన్నాయకులు గారు అడ్డం పడ్డారు. నియమావళి, శ్రేణి, అన్నీ మరిచిపోయారు. "కూర్మనాథం గారూ! ఎత్తండి ఆ పెట్టెలు! మీట తిప్పండి!"

కూర్మనాథం లేచాడు. చెయ్యి చాపాడు. మొదటి పెట్టె అంగుళం దూరంలో ఉంది. మీట జానెడు దూరంలో ఉంది. పైడమ్మ చూస్తోంది. ఈ ఒక్కసారి రూలు తప్పితే ఏం మునిగిపోతుంది? ఆయన వేళ్ళు పెట్టెని తాకబోయాయి.

"ఆగండి," అన్నారు హైమవతి గారు.

ఆవిడ మూడు కుర్చీల మధ్య నిలబడి సన్యాసిరావు చేతిలోంచి రికార్డు తీసుకుని చదివారు. చదువుతున్నకొద్దీ ఆవిడ మొహం వెలిగింది. రోజంతా కాలవల పూడికలతో, కుక్కల ఫిర్యాదులతో వేగి వచ్చిన ఆవిడకి చాన్నాళ్ళకి ఒక శుభ్రమైన రికార్డు కంటబడింది.

"పెండింగు విచారణ. సాక్షి పరీక్ష పూర్తి కాలేదు. మీరేం చెయ్యబోతున్నారు?"

"పెట్టెలు ఎత్తుదామని, మేడమ్."

"సాక్ష్యాధారాలు తారుమారు చేస్తారా? నా ఎదుట? ఈ గ్రౌండు ఎవరిది?"

"మునిసిపాలిటీది, మేడమ్."

"రేపు పందిరి విప్పుతారు. ఘటనాస్థలం చెదిరితే ఎవరు జవాబుదారీ? నేను." ఆవిడ గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోండి. సదరు రైలు, పట్టాలు, కొండ, చేను, తోక సమస్తమును యథాతథ స్థితిలో భద్రపరచు నిమిత్తం పాత ఆక్ట్రాయి గదిని సదరు సంఘమునకు స్వాధీనపరచడమైనది. విచారణ ముగిసిన మరుక్షణం గదిని ఖాళీచేసి నవ్వుల క్లబ్బుకు అప్పగించవలెను."

ఎదురు స్టాల్లో ఆ సాయంత్రం మొదటిసారిగా నవ్వు ఆగింది.

జగన్నాయకులు గారికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కూర్మనాథాన్ని గట్టిగా కావలించుకున్నారు. "గెలిచామయ్యా! గది మనదే! విచారణ ముగియనంతకాలం మనదే! ఇక ఆ ముగించడం, ముగించకపోవడం నీ చేతిలో ఉంది!"

"ముగిసేదాకా రైలు?" అన్నాడు కూర్మనాథం.

"రైలెందుకయ్యా కదలడం? గదొచ్చింది కదా!"

మర్నాడు సంఘం వాళ్ళూ, మృత్యుకూపం కుర్రాళ్ళూ కలిసి బల్లని పెళ్ళిపల్లకీలా భుజాలకెత్తుకుని మార్కెట్టు మెట్లు ఎక్కించారు. పెట్టెలు ఒరిగినవి ఒరిగినట్టే ఉన్నాయి. తోక మీద గాజుగ్లాసు బోర్లించారు. ఆక్ట్రాయి గదికి కొత్త రంగు వేశారు. గుమ్మం మీద బోర్డు పెట్టారు. ఇప్పుడు అక్కడికి రోజూ అందరూ వస్తారు. టీ తాగుతారు. కదలని రైలు చుట్టూ ఎవరి పదవిలో వాళ్ళు నిలబడి చూసుకుంటారు. అసలు డ్రైవరు కడుపునొప్పి తగ్గి తిరిగొచ్చి, చూసి, ఇదే నయం, అప్పుడైతే జాగ్రత్తగా ఉండాల్సొచ్చేది అన్నాడు.

కూర్మనాథం వచ్చినప్పుడల్లా మీట దగ్గర కూచుంటాడు. కరెంటు తీసేసి ఉంది గనక వేలు పెట్టినా తప్పు కాదు. పెడతాడు. కాస్త ముందుకి తిప్పుతాడు. రైలు కదలదు.

"ఆ ముక్కేదో రాసీరాదేటండీ?" అంటుంది పైడమ్మ ఇంటి దగ్గర. "డ్రైవరు తప్పు లేదని రాసీండి. ఒక్కసారి నడిపీండి. నేను చూసీసి వచ్చీస్తాను. తర్వాత గది పోతే పోనీ."

ఆ ముక్క రాయడానికి ఆయన రెండుసార్లు కాగితం తీశాడు. డ్రైవరు బతిమాలుతున్నట్టే ఉంటుంది. కానీ సాక్షి చూశానంటున్నాడు. పైగా గది పోతే సంఘం అంతా తన మీద పడుతుంది. కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేస్తాడు. "ఈసారి కాదులే పైడమ్మా," అంటాడు. ఆవిడ పట్టుచీర మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. రైలు నడిచిన రోజు పిలవమంది.

నెలనెలా వాయిదా ఉంటుంది. మొన్నటి వాయిదాకి ధర్మారావు కూడా వచ్చాడు. ఇవాళైనా తేలుతుందేమోనని గుమ్మంలో ఆశగా నిలబడ్డాడు. మూడు కుర్చీలూ వేశారు. డ్రైవరు కుర్చీలో కూర్మనాథం, తనకి ఒంట్లో బాగోలేదని, గడువు ఇప్పించమని కోరాడు. టోపీ పెట్టుకుని అదే కూర్మనాథం అతన్ని ఎగాదిగా చూసి, ఒక్క మాట కూడా నమ్మకుండా, గడువు ఇచ్చాడు. సాక్షి అభ్యంతరం చెప్పలేదు.

తర్వాత ముగ్గురూ మెట్లు దిగి, ఒకే స్కూటరెక్కి ఇంటికి బయల్దేరారు. ఒక స్కూటరు మీద ముగ్గురు వెళ్ళడం నేరమని ముఖ్య భద్రతాధికారికి బాగా తెలుసు. ఆ ఒక్క పూటకి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.